పైడిరాజు గారి నలభై ఎనిమిది పేజీల పంపుల షెడ్డు

రిటైరు కాబోతున్న రైల్వే ఫిట్టరు ఒకాయన, బిలాస్‌పూర్‌లో పంపుసెట్లు బాగుచేసే దుకాణం పెట్టుకుంటానని 1988 అక్టోబరులో అధికారులకు మనవి చేసుకున్నారు. ఆ మనవిని అధికారులు ఎంత శ్రద్ధగా, ఎంత పద్ధతిగా, ఎన్ని ప్రతుల్లో పరిశీలించారో ప్రజలకు తెలియవలసి ఉంది. గిట్టనివాళ్ళు ఏవేవో ప్రచారం చేస్తున్నారు గనక, జరిగింది జరిగినట్టు ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఫిట్టరు గారి పేరు పైడిరాజు. ఆయన తండ్రి బొగ్గు ఇంజన్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లోకో షెడ్డులో చేరాడు. కొడుకు అదే షెడ్డులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాడు. డ్యూటీ దిగిన తర్వాత ఆయనకు ఒక దురలవాటు ఉండేది. కొందరు పేకాడతారు, కొందరు తాగుతారు. ఈయన పంపులు బాగుచేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళయిన కోటా నుంచీ గతౌరా నుంచీ రైతులు, మొరాయించిన డీజిల్ పంపుల్ని గోనెసంచుల్లో చుట్టి, పాసింజరు బండిలో వేసుకొచ్చి, రైల్వే కాలనీలో ఆయన క్వార్టరు వరండాలో దింపేవారు. పైడిరాజు ఇంజన్ని ఒకసారి తిప్పి, తల పక్కకి వంచి చప్పుడు వినేవాడు. "వాల్వు" అనో "నాజిల్" అనో ఒక్క మాట అనేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఇంత తక్కువ మాట్లాడే మనిషి వ్యాపారానికి పనికిరాడని అప్పుడే ఎవరో ఒకరు గ్రహించి ఉండవలసింది.

నవంబరు నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది. ఆపైన నాలుగు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. క్వార్టరుతోబాటు వరండా పోతుంది. వరండా పోతే పంపులు దించే చోటు ఉండదు. చిన్న పరిశ్రమల కోసం ఊరి శివార్లలో కట్టిన రేకుల షెడ్లు పదకొండు ఖాళీగా పడి ఉన్నాయని, అడిగినవాళ్ళకి కరెంటుతో సహా ఇస్తారని ఆయనకు ఎవరో చెప్పారు. పైడిరాజు ఆ మాట నమ్మాడు. ఒక తెల్లకాగితం తీసుకుని, వచ్చిన హిందీలో నాలుగు వాక్యాలు రాశాడు. "నేను పంపులు బాగుచేస్తాను. రైతులు నా దగ్గరికి వస్తారు. పని చేసుకోవడానికి చోటు లేదు. ఒక షెడ్డు ఇప్పించగలరు."

షెడ్ల కేటాయింపు కమిటీకి అధ్యక్షులు నాగభూషణం గారు. ఆంధ్రా నుంచి పెద్ద పరీక్షలు రాసి వచ్చిన అధికారి. ఎంతో మంది ఎన్నో కోరికలతో వచ్చినా, తొందరపడి ఒక్క షెడ్డయినా ఎవరికీ ఇవ్వని నిదానస్తులు. అందుకే ఆ షెడ్లు పదకొండూ కట్టిననాటి మెరుపుతో అలాగే ఉన్నాయి. ఆయన పైడిరాజు కాగితాన్ని ముందువైపు చూసి, తిప్పి వెనకవైపు చూసి, మళ్ళీ ముందుకు తిప్పారు.

"ఏమిటిది?"

"దరకాస్తు బాబూ."

"ఇందులో ఏముంది?"

"పనుంది బాబూ."

"పని ఉంటే సరిపోతుందా? రూపం ఏది?" అని నాగభూషణం గారు కుర్చీలో వెనక్కి వాలారు. గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలూ ఇక ఆ పూటకి వేరే పని ఉండదని తెలిసి కలాలు కింద పెట్టారు. "వ్యాపారం అంటే ఏమనుకున్నావు? ప్రణాళిక! ప్రణాళిక అంటే ఏమిటి? దాన్ని సమర్పించే తీరు! ఎడమవైపు అంగుళంన్నర వదలాలి. ఎందుకు? బైండింగుకి. కుడివైపు అంగుళం వదలాలి. ఎందుకు? మర్యాదకి. వాక్యానికీ వాక్యానికీ మధ్య డబుల్ స్పేసు ఉండాలి. ఎందుకు? పెద్దలు తమ అభిప్రాయాలు రాసుకోవడానికి. ఈ దేశం వెనకబడింది జనానికి పని చేతకాక కాదయ్యా. పేజీ నెంబర్లు వెయ్యక!"

గుమాస్తాలు తలలూపారు. పైడిరాజు తన కాగితం వంక చూసుకున్నాడు. దానికి ఒక్కటే పేజీ.

"రెండో పేజీ ఉంటే గదా బాబూ నెంబరెయ్యడానికి," అన్నాడు.

"అదే నీ మొదటి తప్పు," అన్నారు నాగభూషణం గారు. "మాట కూడా అంతే. నీ తెలుక్కి ముందూ వెనకా మార్జిన్లు లేవు. వెళ్ళి ప్రాజెక్టు రిపోర్టు తయారుచేయించుకుని రా."

పైడిరాజుకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో, పని బాగా లేదని తిట్టినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు గానీ, పని తప్ప ఇంకేమీ లేదని తిట్టినవాళ్ళు లేరు. భార్య అప్పయమ్మ సంగతంతా విని, "ఏటయ్యా, పంపు సూడమంటే సూత్తావు. కాయితం సూడమంటే నీవల్ల అవుద్దేటి? అది తెలిసినోడి కాడికి ఎల్లు," అంది. ఆవిడ ఎగతాళికి అన్నదో సలహాగా అన్నదో తేలలేదు. పైడిరాజు సలహాగానే తీసుకున్నాడు.

తెలిసినవాడు బుధవారీ బజారులోనే ఉన్నాడు. పేరు చిరంజీవి. టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద గది. గది బయట 'ప్రాజెక్టు రిపోర్టులు, జాతకచక్రాలు, రాజీనామాలు నీటుగా టైపు చేయబడును' అని హిందీలో బోర్డు. ఆయనది కూడా పాత రైల్వే కుటుంబమే గనక తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అప్పటికి నూట పన్నెండు వ్యాపారాలకు రిపోర్టులు రాసి ఉన్నాడు. వాటిలో ఎన్ని వ్యాపారాలు మొదలయ్యాయని అడగడం సభ్యత కాదు. చిత్రకారుణ్ణి పట్టుకుని, నువ్వు గీసిన మామిడిపండు తీపేనా అని ఎవరూ అడగరు కదా.

"దేఖో అంకుల్, ముందు పేరు మార్చాలి," అన్నాడు చిరంజీవి. "పైడిరాజు పంపుల రిపేరు అంటే కమిటీ నిద్రపోతుంది. పి.ఆర్. హైడ్రాలిక్ ఎంటర్‌ప్రైజెస్ అందాం. అచ్ఛా, ఇప్పుడు చెప్పండి. పదేళ్ళ తర్వాత మీరు ఎక్కడుంటారు?"

పైడిరాజు నిజాయితీగా ఆలోచించాడు. "అరవై ఎనిమిదొత్తాయి. ఉంటే ఈడనే ఉంటాను."

చిరంజీవి టైపు మిషను మీద 'దీర్ఘకాలిక స్థానిక నిబద్ధత' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు టకటకా కొట్టాడు. "మీ బలహీనత ఏమిటి?"

"ఎడం మోకాలు."

'వామపక్ష నిర్మాణంలో స్వల్ప పరిమితి' అని పడింది. తర్వాత సంస్థ స్వరూపం గీశాడు. పైన మేనేజింగ్ డైరెక్టరు, కింద జనరల్ మేనేజరు, ఆ కింద సాంకేతిక విభాగం, అమ్మకాల విభాగం, సిబ్బంది సంక్షేమ విభాగం. మొత్తం తొమ్మిది గడులు. ఎనిమిది గడుల్లో పైడిరాజు పేరు, టీ పెట్టే సంక్షేమ విభాగంలో అప్పయమ్మ పేరు పడ్డాయి. తనకింద తానే అన్ని అంచెల్లో పనిచేయవలసి వస్తుందని తెలిసి పైడిరాజు కొంచెం కంగారుపడ్డాడు. లాభాల గ్రాఫు స్కెచ్చి పెన్నులతో వేశారు. మూడో సంవత్సరానికే గీత పేజీ పైఅంచు దాటిపోవడంతో, నాలుగో సంవత్సరం లాభం కోసం అదనంగా ఒక కాగితం అంటించి మడతపెట్టారు. ఆ మడత విప్పితే గానీ లాభం కనిపించదు.

అంతా సవ్యంగా సాగుతూండగా ముప్ఫై ఒకటో పేజీ దగ్గర బండి ఆగింది.

"మీకు పోటీ ఎవరు అంకుల్?"

"ఎవుర్లేరు. కోటా కాడ్నించి రాయగఢ్ దారి వరకూ ఈ పని సేసేవోడు లేకే గదా నా కాడికొత్తన్నారు."

చిరంజీవి చేతులు టైపు మిషను మీంచి తీసేశాడు. "పోటీ లేకపోతే రిపోర్టు చెల్లదు. పోటీ గురించి ఫార్మాట్‌లో నాలుగు పేజీలు ఉంది. ఖాళీగా వదలనా?"

"నేనోణ్ణి ఎక్కడ్నించి తెచ్చీది?"

"మీరు తేనక్కర్లేదు. బస్ అంకుల్, అది నా పని."

చిరంజీవి పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఒక పోటీదారుణ్ణి సృష్టించాడు. ఆ సంస్థ పేరు శ్రీ మహాకాయ ఇంజనీరింగ్ కార్పొరేషన్. ఊరు కోటా. పద్నాలుగు మంది మెకానిక్కులు, జర్మనీ నుంచి తెప్పించిన మూడు యంత్రాలు, రోజుకు ముప్ఫై పంపులు బాగుచేసే సామర్థ్యం. పోటీదారు ఎంత గొప్పవాడైతే వాణ్ణి గెలిచేవాడు అంత గొప్పవాడవుతాడన్నది చిరంజీవి సిద్ధాంతం. పైడిరాజుకి ఇంగ్లీషు రాదు గనక, తన రిపోర్టులో తనకంటె గొప్పవాడు ఒకడు వెలిశాడన్నంత వరకే తెలిసింది.

డిసెంబరు మొదటి వారానికి రిపోర్టు తయారైంది. నలభై ఎనిమిది పేజీలు, బాండు కాగితం, చుట్టుతీగ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట. మొదట పన్నెండు పేజీల సారాంశం, దానికి ముందు రెండు పేజీల సారాంశపు సారాంశం. పైడిరాజు దాన్ని పసిపిల్లను మోసినట్టు రెండు చేతులా ఇంటికి తెచ్చాడు. కమిటీ ముందు మాట్లాడవలసిన ఇంగ్లీషు ముక్కలు చిరంజీవి హిందీ అక్షరాల్లో రాసిచ్చాడు. రిటైరైన మనిషి, రోజంతా లోపలి గదిలో తలుపు వేసుకుని బట్టీపట్టడం మొదలుపెట్టాడు.

అదే సమయంలో కోటా నుంచి దుకాలూ సాహూ అనే రైతు పంపు పట్టుకుని వచ్చాడు. "మోర్ పంపు బంద్ హోగే భైయా," అని వరండాలో నిలబడ్డాడు. పైడిరాజు లోపలి నుంచి, "రేపు సూత్తాను" అన్నాడు. దుకాలూ ఆ రోజంతా వరండాలోనే కూర్చున్నాడు. మర్నాడు కూడా కూర్చున్నాడు. ఊళ్ళో గోధుమ మొలకెత్తి నీటి కోసం చూస్తోంది. పంపు లేకుండా తిరిగి వెళ్ళి చేసేదేమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం అప్పయమ్మ అతనికి అన్నం పెట్టి, లోపలికి వచ్చింది.

"ఏటి సదుంతన్నావు?"

"రైతుకి మనం సేసే సేవ గురించి. ఇంగిలీసులో ఉంది."

"ఆ రైతేనా, అవతల రెండ్రోజుల్నుంచి కూకున్నాడు?"

పైడిరాజు ముఖం నల్లబడింది. కాగితాలు మంచం మీద పడేసి బయటికి వచ్చాడు. దుకాలూ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. అది ఇంకా సిగ్గుగా తోచింది. పైడిరాజు ఇంజన్ తిప్పి, విని, "రింగులు" అన్నాడు. సాయంత్రం బండి వేళకి పంపు పనిచేసింది. వ్యాపార ప్రణాళిక ఆ విధంగా ఒక పూట వెనకబడింది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఆయన రాత్రి కూర్చుని మిగతాది బట్టీపట్టాడు.

సమర్పణ రోజు వచ్చింది. చిరంజీవి పైడిరాజుకి తన టై కట్టాడు. రిపోర్టు బల్లమీద పెట్టగానే నాగభూషణం గారు ప్లాస్టిక్ అట్ట మీద చెయ్యి వేసి నిమిరారు. "రండి రండి పైడిరాజు గారూ, కూర్చోండి," అన్నారు. రెండు నెలల కిందట 'నువ్వు'గా వెళ్ళిన మనిషి 'మీరు'గా తిరిగొచ్చాడు. బైండింగుకి ఇంత శక్తి ఉంటుందని పైడిరాజు అనుకోలేదు. కమిటీలో మిగిలిన నలుగురు సభ్యులూ కూడా రిపోర్టును చేతుల్లోకి తీసుకుని బరువు చూసి, సంతృప్తిగా పక్కవాళ్ళకి అందించారు.

గోడ మీద బొమ్మలు వేసే యంత్రం పెట్టారు. మొదటి బొమ్మలో తొమ్మిది గడులు పడ్డాయి. పైడిరాజు ఇంగ్లీషులో మూడు వాక్యాలు తప్పు లేకుండా చెప్పాడు. నాలుగో వాక్యం మధ్యలో కరెంటు పోయింది. ఆవరణలో ఉన్న జనరేటరు అందుకుని, రెండుసార్లు దగ్గి, అది కూడా ఆగిపోయింది. కమిటీ వారు చీకట్లో గంభీరంగా కూర్చున్నారు. పైడిరాజు మాట ఆపి, తల పక్కకి వంచాడు.

"డీజిల్ లైన్లో గాలి సేరింది," అని తెలుగులో చెప్పి, ఎవరినీ అడక్కుండా బయటికి నడిచాడు. పది నిమిషాల్లో జనరేటరు అందుకుంది, లైట్లు వెలిగాయి. పైడిరాజు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తుడుచుకున్నది చిరంజీవి టైకి.

"చాలా బాగుంది. ఎక్కడ ఆపారు?" అన్నారు నాగభూషణం గారు. "పంపుసెట్ల మరమ్మతులో మీ సాంకేతిక అనుభవానికి ఆధారాలేమైనా ఉన్నాయా? ఇరవై రెండో పేజీలో చూపించండి."

చిరంజీవి ఇరవై రెండో పేజీ తీసి చూపించాడు. ఆధారం ఉంది. అందరూ తృప్తిపడ్డారు. నడుస్తున్న జనరేటరు చప్పుడుకి పైడిరాజు మాటలు సరిగా వినిపించకపోవడంతో ఒక సభ్యుడు లేచి కిటికీ మూశాడు.

మార్కుల వివరాలు అధికారికమైనవి గనక యథాతథంగా ఇస్తున్నాను. రూపానికి డెబ్భైకి డెబ్భై. సమర్పణకు ఇరవై అయిదుకి ఇరవై. దరఖాస్తుదారు అనుమతి లేకుండా మధ్యలో లేచి బయటికి వెళ్ళినందుకు అయిదు తగ్గించడమైనది. విషయానికి అయిదుకి రెండు. మొత్తం తొంభై రెండు. ఆ కమిటీ చరిత్రలో ఇంతకు ముందు ఎవరికీ ఇన్ని మార్కులు రాలేదు. జనవరి రెండో వారంలో పైడిరాజుకి ప్రశంసాపత్రం, దాంతోబాటు ఒక ఉత్తరం వచ్చాయి. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది గనక చిరంజీవి చదివి తెలుగులో చెప్పాడు.

'తమ నివేదిక అత్యుత్తమముగా ఉన్నది. కోటాలో శ్రీ మహాకాయ ఇంజనీరింగ్ కార్పొరేషన్ వారు పద్నాలుగు మంది మెకానిక్కులతో దినమునకు ముప్ఫై పంపులు మరమ్మతు చేయుచున్నట్లు తాము తిరుగులేని విధముగా నిరూపించితిరి. కావున ఈ ప్రాంతమున మరియొక దుకాణము అవసరము లేదని కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినది. తమ కృషికి అభినందనలు.'

చిరంజీవి చదవడం ఆపి, ఉత్తరాన్ని తిప్పి చూశాడు. "భాష బాగుంది అంకుల్," అన్నాడు.

పైడిరాజు ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి అప్పయమ్మతో, "లేనోడి సేతిలో ఓడిపోయాను" అన్నాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. వరండాలో అప్పుడు మూడు పంపులు ఉన్నాయి. క్వార్టరు ఖాళీ చెయ్యడానికి రెండున్నర నెలలు ఉంది.

రెండు రోజులు ఆలోచించి, పైడిరాజు ఉన్న నిజం చెప్పేద్దామని నాగభూషణం గారి దగ్గరికి వెళ్ళాడు. ఆఫీసుల్లో ఇలాంటి ఆలోచనలు పాతకాలం మనుషులకే వస్తాయి.

"ఆ కోటా కొట్టు లేదు బాబూ. రిపోర్టు నిండాలని ఉత్తినే రాసీసినాం."

నాగభూషణం గారు ఆయన వంక జాలిగా చూశారు. "పైడిరాజు గారూ, మీరు నిరాశలో ఉన్నారు. అందుకని ఏదేదో మాట్లాడుతున్నారు. ఆ నివేదికకి తొంభై రెండు మార్కులు వేసింది ఎవరు? నేను! నేను తొంభై రెండు వేసిన నివేదికలో అబద్ధం ఉండడానికి అవకాశం ఉందా? పైగా నాలుగు పేజీలుంది, పట్టికలతో సహా! మీ నోటిమాట నమ్మాలా, టైపు చేసిన పట్టిక నమ్మాలా?"

"కోటా ఎల్లి సూసుకోండి బాబూ."

"తప్పకుండా. మాకు దాచవలసింది ఏమీ లేదు."

ముగ్గురు సభ్యుల తనిఖీ బృందం ఏర్పడింది. ఫిబ్రవరిలో మంచిరోజు చూసుకుని జీపులో కోటా వెళ్ళింది. బజారంతా తిరిగింది. స్టేషను దగ్గర అడిగింది, సంతలో అడిగింది. మహాకాయుడి పేరు ఎవరూ వినలేదు. ఇక ఆ సంస్థ లేదని రాయడం ఒక్కటే మిగిలింది గానీ, అలా రాస్తే అధ్యక్షుల వారి మార్కులు ఏం కావాలి? బృందం వారు భోజనం చేసి, సాయంత్రానికి తిరిగివచ్చి, ఇలా నివేదించారు: 'తనిఖీ సమయమున సదరు దుకాణము మూసియుండెను.'

పని వేళల్లో దుకాణం మూసి ఉంచినందుకు సంజాయిషీ కోరుతూ శ్రీ మహాకాయ ఇంజనీరింగ్ కార్పొరేషన్ వారికి నోటీసు పంపారు. అది చిరునామాదారు లేరని తిరిగి వచ్చింది. దాంతో ఆ సంస్థ తనిఖీని తప్పించుకుంటోందని రుజువైంది. రెండో నోటీసు రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. ఆ సంస్థ ఫైలు ఇప్పుడు పైడిరాజు ఫైలుకంటె లావుగా ఉంది. లేని వ్యాపారానికి అంత కరస్పాండెన్సు నడవడం చూసి, పైడిరాజుకి ఒక దశలో తన సంగతే అనుమానం వచ్చింది. కోటా వెళ్ళే రైతులతో, "అలాటి కొట్టు ఏటైనా ఉందేటో ఓసారి సూసి రండి," అని కూడా అన్నాడట.

మార్చి నెలలో అప్పయమ్మ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. పనిముట్ల పెట్టె ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు. ఒక రోజు దుకాలూ సాహూ ఖాళీ చేతులతో వచ్చాడు. అతని చేతిలో పంపు లేకపోవడం పైడిరాజు మొదటిసారి చూశాడు. బిలాస్‌పూర్ శివార్లలోని మోప్కాలో దుకాలూ బావమరిదికి రోడ్డు పక్కన పశువుల పాక ఉందట. ఇప్పుడు పశువులు లేవు. పైకప్పు పెంకులు కొన్ని పోయాయి. కోటా, గతౌరా రైతులు తలా కొన్ని పెంకులు తెచ్చి కప్పుతారు. వెనకవైపు గదిలో ఇద్దరు మనుషులు ఉండవచ్చు.

"చల్ భైయా," అన్నాడు దుకాలూ.

అంతే. ఆ ఒప్పందంలో షరతులు లేవు, అనుబంధాలు లేవు, సాక్షి సంతకాలు లేవు. ఇంత పెద్ద వ్యవహారం ఒక్క కాగితమైనా ఖర్చుకాకుండా జరిగిపోవడం ఎంత అనాగరికమో వేరే చెప్పనక్కర్లేదు. పైడిరాజు లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. అప్పయమ్మ దుకాలూకి టీ ఇస్తూ తెలుగులోనే, "నీ కడుపు సల్లగుండ," అంది. అతనికి అర్థమైనట్టే ఉంది.

ఆ పాక నడిచింది. నడవడమే కాదు, జనం ఆగలేదు. తర్వాతి అయిదేళ్ళలో మోప్కా పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్ళు లేచాయి, ప్రతి ఇంటికీ ఒక బోరు, ప్రతి బోరుకీ ఒక మోటారు, ప్రతి మోటారుకీ ఒక రోగం. పైడిరాజు పాకకి సిమెంటు గోడలు వచ్చాయి. బోర్డు వచ్చింది. ఒక బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద దేవుడి పటం వచ్చాయి. బల్ల వెనక తిరిగే కుర్చీ కూడా వచ్చింది. పైడిరాజు మొదట్లో దాని మీద కూర్చోవడానికి మొహమాటపడి, తర్వాత అలవాటు పడ్డాడు. ఆయన ఒక్క చేతిమీద పని తెమలడం లేదు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే మనిషి కావాలని నలుగురికీ చెప్పాడు.

మూడో రోజున చిన్నమ్మి వచ్చింది. రైల్వేలో ఖలాసీగా పనిచేసి చనిపోయినాయన భార్య. నలభై దాటాయి. మొగుడు ఉన్నప్పుడు సరదాగా నేర్చుకున్న పని, పోయాక బతుకుతెరువైంది. పన్నెండేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని ఫ్యాన్లకీ మోటార్లకీ తీగ చుడుతోంది. ఆవిడ చుట్టిన మోటారు మళ్ళీ కాలిందని ఎవరూ అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"పనుందని సెప్పినారు అన్నియ్యా. కాలిపోయిన మోటారొకటి ఇయ్యి. నీ ముందరే సుట్టి సూపిత్తాను."

పైడిరాజు కుర్చీలో వెనక్కి వాలాడు.

"అదంతా తరవాత సెల్లీ. ముందు దరకాస్తు పట్టుకురా. సేత్తో రాసింది కాదు, టైపు సేయించు. అనుబవం ఎన్నేళ్ళో, ఎక్కడెక్కడ సేసినావో, అన్నీ వరసగా ఉండాల. ఫోటో అంటించు. మనది మునపట్లాగ పాక కాదు గదా ఇప్పుడు."

"నాకు సదువు రాదు అన్నియ్యా."

"సదవక్కర్లేదు. రాసీవోళ్ళున్నారు. నీటుగా సేసిత్తారు."

వెనక గదిలో బియ్యం ఏరుతున్న అప్పయమ్మ చేట పక్కన పెట్టి బయటికి వచ్చింది. మొగుణ్ణి కిందనుంచి పైదాకా, కుర్చీతో సహా చూసింది.

"నీకేటయిందయ్యా?" అంది.

పైడిరాజు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకేటయింది?" అని అడిగాడు. ఆవిడ ఏమి అడుగుతోందో ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నటించలేదు. ఆయనకు నటన రాదు. చిన్నమ్మి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే, ఫైలులో పెట్టిన ఆరు పేజీల దరఖాస్తుతో ఒకాయన వచ్చి తీగ చుట్టే ఉద్యోగంలో చేరాడు. ఆయన రాసే రిజిస్టరు చూడడానికి రెండు కళ్ళూ చాలవు. గీతలు స్కేలు పెట్టి గీస్తాడు, ఎర్ర సిరాతో శీర్షికలు పెడతాడు. ఏ మోటారు ఏ రోజు వచ్చింది, ఏ రోజున తీగ చుట్టించడానికి చిన్నమ్మి ఇంటికి వెళ్ళింది, ఏ రోజు తిరిగి వచ్చింది, అన్నీ అందులో తారీఖులతో సహా ఉంటాయి. పైడిరాజు రోజూ సాయంత్రం ఆ రిజిస్టరు తిరగేసి సంతోషిస్తాడు.

ఈ సంగతి విని మీరు పైడిరాజు మీద నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి. కానీ మీరు దీన్ని ఇంతదాకా చదివింది పుస్తకంలో శుభ్రంగా అచ్చయి, పైన ఒక పేరు పెట్టుకుని వచ్చింది గనక. ఇదే సంగతి చెప్పుకోవడానికి చిన్నమ్మి మీ గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడిచి, తన మాటల్లో మొదలుపెట్టి ఉంటే, రెండో వాక్యం రాకముందే, "ఏమైనా ఉంటే రాసి పట్టుకురామ్మా" అని మీరు తలుపు వేసి ఉండేవారు.